అరకు చలిలో అప్పన్న దూడలు

1927వ సంవత్సరం, మార్గశిర మాసం. అరకు లోయలో రోడ్డు పనివాళ్ళ క్యాంపు పక్కన గడ్డి కప్పిన ఒక పాకలో నా మకాం. నేను టూరింగ్ వెటర్నరీ అసిస్టెంటుగా చేరి అప్పటికి మూడేళ్ళు. టూరింగ్ అంటే ఆసుపత్రి అంటూ ఒకచోట ఉండదు. మందుల పెట్టె బండి మీద, నేను బండి వెనక. రిండర్‌పెస్టు అనే పశువుల మహమ్మారి ముంచింగిపుట్టు సంత మీదుగా లోయలోకి దిగుతుందేమోనని పైవాళ్ళకి భయం పట్టుకుంది. కొండ మీది పశువులకి ఇనాక్యులేషన్, అంటే రోగం రాకముందే సూది వేసే పని, చేసి రమ్మని నన్ను పైకి తోలారు.

శృంగవరపుకోటలో ఎడ్లబండి ఎక్కితే రెండు పగళ్ళకి అరకు చేరాను. మర్నాడు పొద్దున్నే తలకి రాసుకుందామని కొబ్బరినూనె సీసా వంచితే చుక్క రాలేదు. నూనె తెల్లగా పేరుకుపోయి కూర్చుంది. పుల్లతో గీకి అరచేతిలో వేసుకుని, ఇదెక్కడి దేశంరా నాయనా అనుకున్నాను.

నాది బొబ్బిలి దగ్గర పల్లె. ఎండంటే నాకు తెలుసు. రోహిణి కార్తెలో నాలుక వేలాడేసి రొప్పే ఎద్దుని చూస్తే దానికి ఎంత వేడెక్కిందో ముట్టుకోకుండానే చెప్పేవాణ్ణి. నీడకి లాగి, తలమీద తడిగోనె వేసి, నీళ్ళు చల్లి చాలా పశువుల్ని లేపాను. ఆ గర్వం కూడా కొంచెం ఉండేది. చలి సంగతి వేరు. మద్రాసులో చదువుకునేటప్పుడు చలి గురించి నాలుగే నాలుగు పేజీలుండేవి, అవీ ఇంగ్లండు గుర్రాల గురించి. మన జిల్లాలో చలికి పశువు చచ్చిపోవడమేమిటని ఆ పేజీలు నేను సరిగా చదవలేదు. ఆ బద్ధకానికి ఫలితం అరకులో అనుభవించాను.

నేను వచ్చిన మర్నాడే అప్పన్న వెతుక్కుంటూ వచ్చాడు. నలభై దాటిన మనిషి. భుజాన గొంగళి, చేతిలో కర్ర, కళ్ళు నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి.

"పసువుల డాట్రుబావు తవరేనా? బేగి రండి బావూ. రెండు దూడలు పోనాయి. మిగిల్నవీ ఉండీలాగ నేవు."

దారిలో నడుస్తూ తన సంగతి చెప్పాడు. శృంగవరపుకోట దగ్గర పల్లెలో గొల్లల ఇంటివాడు. రోడ్డు క్యాంపులో ఓవర్సీరు, గుమాస్తాలు, మేస్త్రీలు కలిపి ఒక చిన్న ఊరంత జనం. వాళ్ళకి పాలు కావాలి. చుట్టూ కొండ పల్లెల్లో ఆవులు మందలు మందలుగా ఉన్నాయి గాని, చెంబు పాలు కొనాలంటే దొరకవు. ఆ పల్లెలవాళ్ళు ఆవుని పితకరు. పాలు దూడవి, మనకెందుకు అంటారు. అందుకని ఓవర్సీరు కిందికి కబురంపితే, అప్పన్న ఆరు పాడి ఆవుల్నీ వాటి దూడల్నీ తోలుకుని కార్తీకంలో పైకొచ్చాడు. పాకకి చోటు, మేతకి బీడు క్యాంపువాళ్ళు చూపించారు. రెండు పూటలా పాలు పొయ్యాలి. పాలు ఆగితే పాక ఖాళీ చేసి దిగిపోవాలి.

"దిగిపోతే మీ ఊరుందిగా?" అన్నాను.

"ఏటుంది బావూ? ఉన్న కాస్త సోటూ తమ్ముడికి ఒగ్గీసి ఒచ్చీసినాను. ఈ ఆవులే నాకు ఊరూ, ఇల్లూను."

దూడలు పోతే దూడలే కదా, ఆవులున్నాయిగా అని పట్నం పాఠకులు అనుకోవచ్చు. మన నాటు ఆవుతో అలా కుదరదు. దూడ మూతి పొదుగుకి తగిలితేనే అది పాలు దించుతుంది. దాన్నే చేపడం అంటారు. దూడ కనబడకపోతే ఆవు చేపదు, నాలుగు రోజుల్లో పొదుగు ఎండిపోతుంది. చచ్చిపోయిన రెండు దూడల తల్లులు అప్పటికే ఎండిపోయాయి. అంటే దూడ చచ్చిన ప్రతిసారీ అప్పన్నకి అరకులో ఒక కాలు ఊడినట్టే.

తెచ్చిన ఆరింటిలో ఒక ఆవు తన్నుబోతు. పితకనివ్వదు. దాన్ని దూడతో సహా పక్క పల్లె ముసలమ్మ బుద్రికి ఇచ్చేసి బదులు చోళ్ళు, అంటే రాగులు, తీసుకున్నాడు. కాబట్టి అప్పన్న దగ్గర మిగిలినవి ఐదు ఆవులు. ఐదు దూడల్లో రెండు పోయాయి. మూడు ఉన్నాయి.

పాకలో అప్పన్న భార్య పైడమ్మ ఒక పెయ్యదూడని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎర్రటి ఒళ్ళు, నుదుట తెల్లమచ్చ. చుక్క అని పిలుస్తున్నారు. మూడు దూడల్లోకీ అదే కొంచెం నయంగా ఉంది. మిగతా రెండూ బొచ్చు నిక్కబొడుచుకుని, వీపు వంచి, నాలుగు కాళ్ళూ ఒక్కచోటికి చేర్చి నిలబడ్డాయి.

క్లినికల్ థర్మామీటర్ తీశాను. ఒంట్లో వేడి ఎంతుందో చూసే గాజు గొట్టం. పశువుకి తోక కింద పెట్టి చూస్తాం. దూడకి నూట రెండు దాకా ఉండాలి. జబ్బయితే నూట నాలుగో ఐదో ఉంటుందని నా అంచనా. తీసి చూస్తే తొంభై ఎనిమిది. రెండోదానికి ఇంకా తక్కువ. నాకు అర్థం కాలేదు. బండి కుదుపులకి థర్మామీటర్ చెడిందేమోనని దాన్ని బాగా కడిగి నా చంకలో పెట్టుకున్నాను. నాకు సరిగ్గానే చూపించింది. పాకలో ఉన్నవాళ్ళందరిలోకీ నేనొక్కణ్ణే ఆరోగ్యంగా ఉన్నానని తేలింది.

జ్వరం లేదు. పారుడు లేదు. నోట్లో పుండ్లు లేవు. మరి ఏమిటిది? బయట చలి, లోపల వేడి తక్కువ. చలే జబ్బు అని తీర్మానించుకున్నాను. చలి లోపలికి రాకుండా ఆపితే సరిపోతుంది.

పాక నాలుగు వైపులా తడికలు కట్టించి, మట్టి మెత్తించి, గాలి చొరబడడానికి సందు లేకుండా చేయించాను. అప్పన్నా పైడమ్మా రెండు రోజులు చేతులు పగిలేలా మట్టి పిసికారు. మూడో రోజు పొద్దున్న తలుపు తీస్తే లోపలి నుంచి వచ్చిన ఘాటుకి నా కళ్ళంట నీళ్ళొచ్చాయి. పశువుల ఊపిరి అంతా పైకప్పుకి పట్టి చుక్కలు చుక్కలుగా కింద పడుతోంది. గడ్డి తడి, నేల తడి, దూడల ఒళ్ళు తడి. ఆవులు దగ్గుతున్నాయి. ఒక దూడ మూలన పడి చచ్చిపోయి ఉంది.

పోస్ట్‌మార్టమ్ చేశాను. అంటే కోసి లోపల చూడడం. ఊపిరితిత్తుల్లో చచ్చేంత దోషం కనపడలేదు. మూత్రపిండాల చుట్టూ ఉండాల్సిన కొవ్వు లేదు. కడుపులో నాలుగు గడ్డిపోచలు, కాస్త మట్టి. కేసుబుక్కులో 'చలి వల్ల మేత మానేసినది' అని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. చూసినప్పుడల్లా నా చెవి నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది.

తప్పు వెంటిలేషన్‌లో ఉంది, అంటే గాలి ఆడడం లేదు అనుకున్నాను. పెట్టించిన తడికలు నేనే తీయించాను. ఆరిన మట్టి పెళ్ళలు అవతల పారేస్తూ పైడమ్మ నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. తడికలు తీశాక దూడలకి గోనెసంచులు చొక్కాల్లా కుట్టించాను. అవి తెల్లారేసరికి మంచుకి తడిసి బరువెక్కి, దూడలకి తడిబట్ట చుట్టినట్టయింది. మంట వేయించాను. పొగకి దూడలు మంటకి దూరంగా పోయి గాలిలోనే నిలబడ్డాయి. మిరియాలూ శొంఠీ కషాయం పట్టించాను. ఏదీ పని చెయ్యలేదు. రోజూ పొద్దున్నే ఆ గాజు గొట్టం చూడడానికి నాకు భయం వేసేది.

ఇంత గందరగోళంలోనూ నాకు ఒక్క సుఖం తప్పలేదు. రోజూ పొద్దున్న పైడమ్మ నా పాకకి చెంబుడు పాలు తెచ్చి పోసేది. కాఫీ లేకపోతే నాకు కళ్ళు తెరుచుకోవు. మొదటి రోజు వద్దన్నాను. "మా కోసం ఇంత తిరుగుతన్నారు, అదేటి బావూ" అని గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. పైసా లంచం ముట్టని మనిషినని నాకు పేరు. పాలు లంచం కిందికి రావని సర్దిచెప్పుకున్నాను. నిప్పుల మీద పాలు పొంగుతుంటే చేతులు కాచుకుంటూ, దూడలు ఎందుకు చస్తున్నాయా అని తెగ ఆలోచించేవాణ్ణి.

ఒకరోజు మిగిలిపోయిన పశువులకి సూదులు వెయ్యడానికి బుద్రి పల్లెకి మళ్ళీ వెళ్ళాను. వాళ్ళు కొండదొర తెగవాళ్ళు. తెలుగు బాగానే మాట్లాడతారు. బుద్రికి అరవై పైనే ఉంటాయి. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని ఎప్పుడూ అడ్డచుట్ట కాలుస్తూ ఉంటుంది. వాళ్ళ పశువుల సాల ఆ రోజే సరిగ్గా చూసి నేను ఆగిపోయాను. గెడకర్రలు పాతి, పైన గడ్డి కప్పారు, అంతే. గెడకీ గెడకీ మధ్య నా పిడికిలి పడుతుంది. గాలి ఇటు దూరి అటు పోతోంది. లోపల దూడలు ఒకదాన్నొకటి కుమ్ముకుంటూ గంతులేస్తున్నాయి.

కొండ పశువులు కదా, చలికి అలవాటు పడ్డ జాతి అనుకున్నాను. ఆ మాటతో మనసు కొంచెం కుదుటపడింది కూడా. అప్పుడే గంతులేస్తున్న వాటిల్లో ఒకటి వేరే వాలకంతో కనపడింది.

"అది ఎవరిది?"

"అదా? అప్పన్న ఇచ్చిన తన్నుబోతు ఆవు దూడ."

నాకు మళ్ళీ మతి పోయింది. అదే ఊరి ఆవు. అదే నెలలో కొండెక్కింది. దాని దూడ ఈ గాలిలో గంతులేస్తోంది. అప్పన్న దూడలు మూసిన పాకలోనూ చచ్చాయి, తెరిచిన పాకలోనూ చస్తున్నాయి. దాన్ని పట్టుకుని థర్మామీటర్ పెట్టాను. నూట రెండు.

బుద్రి పక్కన నిలబడి చూస్తోంది. "ఏటి బావూ, దాని తోక కింద గాజుపుల్ల ఎట్టి ఏటి ఎతుకుతన్నావు?"

"దీనికి చలెందుకు వెయ్యడం లేదా అని చూస్తున్నాను. ఏం మందు వేశావు ముసలమ్మా?"

"మందా? దానికేటి రోగం?"

"పోనీ ఏం పెడుతున్నావు?"

"నానేటి ఎడతాను? తల్లి కాడ తాగుద్ది. మంచు ఇరిగి ఎండొచ్చినాక ఇప్పుతాం. మళ్ళా తాగుద్ది."

మంచు విరిగాక విప్పడం అన్న ఒక్క ముక్క పట్టుకున్నాను నేను. ఆహా, తడిగడ్డి తినకపోవడమే రహస్యం అని కేసుబుక్కులో రాసి కింద గీత గీశాను. మిగతా మాటలు చెవిలో పడ్డాయి గాని బుర్రకెక్కలేదు. దానికి కారణం ఉంది. వారం కిందట ఇదే పల్లెలో సూదులు వేస్తూ నేనొక ఉపన్యాసం దంచాను. ఇన్ని ఆవులుండి పాలు పితక్కపోవడం తెలివితక్కువ, బంగారంలాంటి పాలు వృథా చేస్తున్నారు అని. అందరూ మర్యాదగా విన్నారు. బుద్రి ఒక్కతే అడిగింది, "మరి దూడ ఏటి తాగుద్ది బావూ?" అని. "మిగిలింది తాగుతుంది" అన్నాను. ఆవిడ చుట్ట ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చుకుంది. ఈ కొండవాళ్ళకి చెప్పినా ఎక్కదులే అనుకున్నాను.

మంచు విరిగేదాకా అప్పన్న పశువుల్ని కూడా కట్టేయించాను. రెండు రోజులకి నాలుగో దూడ పోయింది.

ఆ రోజు అప్పన్న చేసిన పని గొల్లలందరూ చేసేదే. దూడ తోలు వొలిచి, ఆరబెట్టి, అందులో గడ్డి కూరి కుట్టాడు. దాన్ని తల్లి ముందు నిలబెడితే ఆవు దూడే అనుకుని చేపుతుంది. ఆ ఆవు గడ్డి దూడని వాసన చూసింది. నాకడం మొదలెట్టింది. నాకుతూ నాకుతూ మధ్యలో ఆగి, చెవులు రిక్కించి అటూ ఇటూ చూసింది. మళ్ళీ నాకింది. అప్పన్న తల వంచుకుని పితుకుతున్నాడు. పైడమ్మ చుక్కని ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది. నేను అక్కడ నిలబడలేకపోయాను. నిజం చెప్పాలంటే ఆ పాలతోనే మర్నాడు కాఫీ తాగాను. తాగేటప్పుడు ఒక రకంగా అనిపించింది గాని, ఎందుకో తెలియలేదు.

ఇక మిగిలింది చుక్క ఒక్కటే. అది కూడా పోతే గడ్డి దూడతో ఎన్నాళ్ళో లాగలేడు. క్యాంపు నుంచి ఓవర్సీరు అప్పటికే రెండుసార్లు మనిషిని పంపాడు, పాలు పలచబడుతున్నాయి, తగ్గుతున్నాయి, ఉండదలుచుకున్నావా లేదా అని.

నాలుగు రోజుల తర్వాత తెలతెల్లవారుతుంటే అప్పన్న నా గుమ్మంలో నిలబడ్డాడు. ఏమీ అడగకుండానే లేచి వెళ్ళాను. చుక్క పక్కకి వాలి పడుంది. పైడమ్మ తన చీరే మడతపెట్టి కప్పింది. మూతి చల్లగా ఉంది. థర్మామీటర్ పెట్టి చాలాసేపు ఉంచి తీశాను. పాదరసం అసలు కదలలేదు. మందుల పెట్టె తెరిచాను, మూశాను. మళ్ళీ తెరిచాను. అందులో నేను ఇంకా వాడని మందు ఏదీ లేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు ఏడుపొచ్చింది.

ఆ వేళకి బుద్రి చోళ్ళ పొలం వైపు పోతూ మమ్మల్ని చూసి పాకలోకి వచ్చింది. దూడ పక్కన గొంతుక్కూచుని దాని నోట్లో వేలు పెట్టింది. కొంచెం ఆగింది.

"ఇది సీకుతన్నాది" అంది. "ఆకలి దీనికి."

"ఆకలి కాదు ముసలమ్మా, చలి. చూడు, ఒంట్లో వేడే లేదు" అని గాజు గొట్టం చూపించాను.

ఆవిడ గొట్టం వైపు చూడలేదు. పాక మూల చూసింది. పితికిన పాలు అక్కడ రెండు కుండల్లో ఉన్నాయి, క్యాంపుకి వెళ్ళడానికి. పక్కన నా చెంబు. అప్పుడే పితికినవి కాబట్టి చెంబు మీద సన్నగా ఆవిరి లేస్తోంది.

"అవెవులివి?"

"డాట్రుబావువి" అంది పైడమ్మ.

బుద్రి ఆ చెంబు తీసుకుంది. ఎవరినీ అడగలేదు. వేళ్ళు పాలల్లో ముంచి దూడ నోట్లో పెట్టింది. అది చీకింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ చీకింది. కొంతసేపటికి దూడ తల ఎత్తి పట్టుకోమని పైడమ్మకి చెప్పి, చెంబు అంచు దాని పెదవికి ఆన్చి కొంచెం కొంచెంగా వంచింది. గొంతులో పాలు దిగుతున్న చప్పుడు మాకందరికీ వినపడింది. చెంబు ఖాళీ అయింది.

"సలి ఎవులికి నేదు బావూ?" అంది బుద్రి, చెంబు నా ముందు పెట్టి. "నాకు నేదా? నీకు నేదా? నువ్వు పొద్దున్నే ఏడి పాలు తాగుతావు. ఇదేటి తాగినాదో ఎప్పుడేనా అడిగినావా?"

నేను అప్పన్న వైపు తిరిగాను. "దూడకి ఎన్ని చన్నులు వదులుతున్నావు?"

వాడు నేల చూపులు చూశాడు. "సేపడానికి ఇడుత్తాను బావూ. సేపినాక కట్టేత్తాను. ఆకర్న ఏటైనా ఉంటే తాగుద్ది. కింద ఊళ్ళో అలగే పెంచినాం. ఒక్కటీ సావనేదు."

అక్కడే నా బుర్ర తిరిగింది. వాడన్నది అబద్ధం కాదు. కింద అలాగే పెంచుతారు, మా ఇంట్లోనూ అలాగే పెంచారు. కింద ఆ చివరి చుక్కలతో దూడ బతుకుతుంది. పైన అదే దూడ ఒళ్ళు వేడిగా ఉంచుకోవడానికే బోలెడు తిండి కావాలి. పొయ్యిలో కట్టె లేకుండా గది తలుపులు మూస్తే గది వెచ్చబడదు. నేను తలుపులు మూశాను, తీశాను, గోనెలు కుట్టాను. కట్టె మాత్రం రోజూ నేనే ఎత్తుకుపోయి కాఫీలో పోసుకున్నాను.

"ఇవాళ్టి నుంచి క్యాంపుకి పితకొద్దు. చుక్క తల్లి పాలన్నీ చుక్కకే. గడ్డి దూడ ఆవు పాలు కూడా దానికే పట్టించు."

అప్పన్నకి ఒళ్ళు మండింది. మొదటిసారి నా మీద గొంతు లేచింది. "ఏటి సెప్తన్నారు బావూ? పాలు ఆపేత్తే నన్నీ కొండ మీద ఎవులుంచుతారు? తవరుంచుతారా? గోడలు కట్టమన్నారు, కట్టినాను. ఇప్పమన్నారు, ఇప్పినాను. ఇప్పుడు పాలు మానీమంటన్నారు. రేపేటి మానీమంటారు?"

వాడి మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు. సమాధానం పైడమ్మ చెప్పింది. కుండలు రెండూ తెచ్చి దూడ దగ్గర పెట్టి, "ఇది బతికితే ఈడుంటాం, నేకపోతే ఎలాగూ ఉండం. దీనికే పొయ్యి" అంది మొగుడితో.

క్యాంపుకి వెళ్ళి ఓవర్సీరుకి ఒక సర్టిఫికెట్ రాసిచ్చాను. ఈ ఆవులు నా చికిత్సలో ఉన్నాయి, శివరాత్రి దాకా వీటి పాలు వాడరాదు అని. ఆయన ఏం జబ్బు అని అడిగాడు. "ఇంకా తేలలేదు" అన్నాను. అది నిజమో అబద్ధమో ఇప్పటికీ నాకు తెలీదు. ఆయన విసుక్కున్నాడు గాని, పశువుల డాక్టరు వద్దన్న పాలు తాగడానికి ధైర్యం చాల్లేదు. ఆ రోజు నుంచి ఆయనా నేనూ బెల్లం వేసుకుని నల్ల కాఫీ తాగాం. ఆయన నన్ను తిట్టుకుంటూ తాగేవాడు.

చుక్క రెండో రోజు తల ఎత్తింది. మూడో రోజు వెనకకాళ్ళ మీద లేచి ముందుకి పడిపోయింది. నాలుగో రోజు నిలబడింది. థర్మామీటర్‌లో పాదరసం నూట ఒకటి దాటగానే నేను కేకపెట్టాను. పైడమ్మ ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది.

నా అయోమయం దాంతో తీరిపోయిందనుకోకండి. సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే మంచు కూడా పలచబడింది. ఎండ బాగా వచ్చింది. గడ్డి పరుపు మార్చాను, పొద్దుటి ఎండలో దూడని కట్టించాను. వీటిల్లో ఏది బతికించిందో వేలు పెట్టి చూపించమంటే చూపించలేను. రిపోర్టులో 'పాలు చాలక, చలికి తట్టుకోలేక' అని రాశాను. పైఅధికారి 'పాలు చాలక' అన్న ముక్క మీద ఎర్రపెన్సిల్‌తో గీత కొట్టి, చలి చాలును అని పక్కన రాశాడు. వాదించడానికి నా దగ్గర ఉన్న సాక్ష్యం ఒక ఖాళీ చెంబు. ఊరుకున్నాను.

మరుసటి ఏడు మార్గశిరంలో మళ్ళీ సూదులకి వెళ్ళాను. అప్పన్న అక్కడే ఉన్నాడు. కింద నుంచి మరో గొల్లవాడు ఎవడూ కొండెక్కడానికి ఒప్పుకోకపోవడంతో ఓవర్సీరే దిగొచ్చాడట. చలి నాలుగు నెలలూ పొద్దుటి పాలు దూడలవి. సాయంత్రం మాత్రమే పితకడం, అదీ రెండు చన్నులే. సాలకి గెడలు పాతి వదిలేశాడు, బుద్రి సాలలాగే. కొత్త దూడలు నాలుగున్నాయి, నాలుగూ బతికున్నాయి. చుక్క నన్ను గుర్తుపట్టలేదు. దగ్గరికి వెళ్తే కొమ్ము విసిరింది.

సాయంత్రం పైడమ్మ చెంబు తెచ్చింది. సగమే ఉంది. "దూడలు తాగినాకే పితికినాం బావూ" అంది. "నమ్మకపోతే ఎల్లి సూడండి."

వేళాకోళానికే అంది. అయినా నేను లేచి వెళ్ళి చూశాను. నాలుగు దూడల మూతులకీ నురగ ఉంది. వెనక్కి వచ్చి కాఫీ కలుపుకున్నాను.

తర్వాత చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాను. ఎండాకాలం రొప్పుతున్న పశువు దగ్గరికి పిలిస్తే తడిగోనె అడగకముందు, ఇది నీళ్ళెప్పుడు తాగింది అని అడగడం నేర్చుకున్నాను. చలికాలం దూడ వణుకుతోందంటే పాక చూడకముందు పాలచెంబు చూడడం నేర్చుకున్నాను. పశువుకి బయట నుంచి ఏం తగులుతోందో కనిపెట్టడం తేలిక. దాని దగ్గర నుంచి మనం ఏం తీసుకుంటున్నామో కనపడదు, తీసుకునేది మనమే కాబట్టి. బుద్రి అడిగేదాకా నాకు కనపడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక ఆవుంది. పొద్దున్న నేను కాఫీ అడగ్గానే నా భార్య గ్లాసు వెనక్కి పెట్టి, "ముందు దూడని అడిగి రండి" అంటుంది. అందరిలో నన్ను నవ్వులపాలు చెయ్యడం ఆవిడకి సరదా. నేను మాత్రం కర్ర తీసుకుని సాలలోకి వెళ్ళి, దాని మూతి చూసే వస్తాను.